టిప్పు మనమిచ్చాం, జీతం ఎవరిస్తున్నారు?

నెల్లూరు వేదాయపాళెంలోనైనా ఒంగోలు లాయర్‌పేటలోనైనా గ్యాస్ బండ ఇంటికొచ్చిందంటే బిల్లు మీద ఇంకో ముప్ఫయ్యో యాభయ్యో చేతిలో పెట్టడం అలవాటైపోయింది. మేడ మీద ఇల్లయితే ఇంకో పది. పాపం అంత బరువు మోసుకొచ్చాడని కొందరు ఇష్టంగానే ఇస్తారు. కొందరు విసుక్కుంటూ ఇస్తారు. బిల్లులో ఉన్నదే ఇస్తాం, పైసా ఎక్కువ ఇవ్వమని కొందరు గుమ్మంలోనే వాదన పెట్టుకుంటారు. వీళ్లలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ బండ మోసినందుకు ఏజెన్సీ అతనికి ఎంత ఇస్తోంది?

సిలిండర్ ధరలోనే డీలర్ కమీషన్ కలిసి ఉంటుంది. ఆ కమీషన్‌లో ఏజెన్సీ నడపడానికయ్యే ఖర్చు ఒక భాగం, బండను ఇంటికి చేర్చే ఖర్చు ఇంకో భాగం. అంటే డెలివరీకి డబ్బు మనం బిల్లులోనే కట్టేశాం. అది మోసిన మనిషికి సరిగ్గా చేరితే అతను గుమ్మం దగ్గర చేయి చాచి నిలబడాల్సిన పని లేదు. చేరనిచోట మనం ఒకే పనికి రెండుసార్లు కడుతున్నాం, అతను తన కూలిని మన దగ్గర అడుక్కోవాల్సి వస్తోంది. గొడవ మాత్రం మనకూ అతనికీ మధ్యే. ఏజెన్సీ ఆ గుమ్మం దగ్గర ఎక్కడా కనిపించదు.

టిప్పు మీద చర్చ ఎప్పుడూ మన మంచితనం చుట్టూనే తిరుగుతుంది. ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏమనుకుంటారు. నా ఉద్దేశంలో అసలు చిక్కు అక్కడ లేదు. టిప్పులు వస్తాయన్న లెక్కతో జీతం తగ్గించి పెట్టినచోట మనమిచ్చే డబ్బు పనివాడికి అదనంగా అందదు. యజమాని ఇవ్వాల్సిన దాంట్లో కొంత మన జేబులోంచి పోతుంది, అంతే.

హోటళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద, మద్రాసు బస్టాండు చుట్టుపక్కల, ఒంగోలు కర్నూలు రోడ్డులో, హైవే మీద కావలి, సింగరాయకొండ దగ్గర ఎన్ని హోటళ్లున్నాయో మనకు తెలుసు. సర్వర్‌ను పనిలోకి తీసుకునేటప్పుడు జరిగే మాటలు చాలాచోట్ల ఒకేలా ఉంటాయి. నెలకింత, భోజనం ఇక్కడే, పడక ఇక్కడే, "పైన టిప్పులొస్తుండాయి గదా". ఈ చివరి మాట దగ్గరే బేరం తెగిపోతుంది. ఎంతొస్తాయో ఎవరూ చెప్పరు. ఆదివారం మధ్యాహ్నం బాగానే వస్తాయి. వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురుపడితే ఏమీ రావు. యజమాని వ్యాపారంలో నష్టభయం ఉంటుంది, నిజమే. కానీ ఆ భయంలో సగాన్ని నెలజీతం మీద బతికే మనిషి నెత్తికి ఎత్తడం న్యాయం కాదు.

పైగా టిప్పు కళ్లెదుట ఉన్నవాళ్లకే అందుతుంది. చేపల పులుసు తెచ్చి వడ్డించిన మనిషికి ఇరవై రూపాయలు దక్కుతాయి. తెల్లవారుజామున లేచి చేపలు కడిగినామెకు, పిండి రుబ్బినతనికి, వెనక గిన్నెలు తోమేవాళ్లకు, టాయిలెట్ కడిగేవాళ్లకు ఏమీ దక్కదు. వెనక పనుల్లో ఆడవాళ్లే ఎక్కువ, కులం లెక్కన చూసినా కింద నెట్టబడినవాళ్లే ఎక్కువ. కొన్ని హోటళ్లలో కౌంటర్ దగ్గర డబ్బా పెట్టి వచ్చిన టిప్పులు అందరికీ పంచుతారు. అది మంచి పద్ధతి. కానీ ఆ డబ్బా తాళం ఎవరి దగ్గరుంటుంది, పంపకం ఎలా జరుగుతుంది అన్నది యజమాని మనసు మీద ఆధారపడి ఉంటుంది. బ్రిటన్‌లో ఈ సమస్యకు చట్టమే చేశారు. అక్కడ 2024 అక్టోబరు 1 నుంచి టిప్పుల్లో ఒక్క పైసా కూడా యజమాని మిగుల్చుకోకూడదు, పంపకం న్యాయంగా జరగాలి.

సర్వీసు బాగుంటే ఎక్కువిస్తాం, బాగాలేకపోతే తక్కువిస్తాం, కాబట్టి టిప్పు వల్ల పని మెరుగవుతుంది అనే వాదన కూడా ఉంది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ లిన్ ఏళ్ల తరబడి దీని మీదే పరిశోధన చేశారు. సర్వీసు నాణ్యతకూ టిప్పు మొత్తానికీ సంబంధం చాలా బలహీనంగా ఉందని ఆయన తేల్చారు. మనం ఇచ్చేది ఎక్కువగా అలవాటును బట్టి, బిల్లును బట్టి, పక్కనున్నవాళ్లను బట్టి.

ఇక చట్టం సంగతి. టిప్పు జీతమా కాదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కస్టమర్లు కార్డు మీద కట్టిన టిప్పులను హోటల్ వసూలు చేసి ఉద్యోగులకు పంచితే, దాన్ని జీతంగా లెక్కగట్టి హోటలే ఆదాయపు పన్ను కోయాలని పన్ను శాఖ వాదించింది. ఐటీసీ హోటళ్ల కేసులో 2016లో కోర్టు కాదంది. ఆ డబ్బు ఇచ్చింది కస్టమర్, యజమాని కాదు. హోటల్ దాన్ని ఉద్యోగుల తరఫున పట్టుకుని ఇచ్చేస్తుందంతే, కాబట్టి అది జీతం కాదని చెప్పింది. పన్ను విషయంలో ఇది పనివాళ్లకు మేలే. కానీ ఇదే మాటకు ఇంకో వైపు కూడా ఉంది.

జీతం కానిది జీతంతో ముడిపడిన ఏ రక్షణలోనూ లెక్కకు రాదు. జీతంలో 12 శాతం యజమాని పీఎఫ్‌లో వేయాలి, టిప్పు మీద వేయడు. ఈఎస్ఐ అనే కార్మిక బీమా ఉన్న కార్మికుడు జబ్బుపడి పనికి రాలేకపోతే అర్హతను బట్టి ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం అందుతుంది. ఆ 70 శాతం రికార్డులో ఉన్న జీతం మీదే. అయిదేళ్లు దాటాక వచ్చే గ్రాట్యుటీ కూడా అంతే. ఒక సర్వర్‌కు జీతం కింద కొంత, టిప్పుల కింద ఇంచుమించు అంతే వస్తోందనుకుందాం. ఆరోగ్యంగా ఉన్నన్నాళ్లూ తేడా తెలియదు. డెంగీ వచ్చి పెద్దాసుపత్రిలో చేరిన రోజు అతని ఆదాయంలో సగం ఒక్కసారిగా లేకుండా పోతుంది, మిగిలిన సగంలో 70 శాతమే చేతికొస్తుంది. మనమిచ్చిన ఇరవై రూపాయలు అతన్ని ఆరోజు ఆదుకోవు. ఆ ఇరవై జీతంలో కలిసి ఉంటే ఆదుకునేవి.

మన దగ్గర కనీస వేతనం అనేది టిప్పులతో సర్దుకునే లెక్క కాదు. అమెరికాలో అలా సర్దుకోవచ్చు. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం టిప్పులొచ్చే ఉద్యోగికి యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు, మామూలు కనీస వేతనం 7.25 డాలర్లకు చేరడానికి కావాల్సిన మిగతాది టిప్పుల్లోంచి రావచ్చు. రాకపోతే యజమాని పూడ్చాలని చట్టంలో ఉంది. ఆ 2.13 అంకె 1991 నుంచి మారలేదు. కావలి నుంచో కందుకూరు నుంచో పిల్లల దగ్గరికి డల్లాస్ వెళ్లిన తల్లిదండ్రులు బిల్లు మీద 20 శాతం టిప్పు చూసి బిత్తరపోతారు, ఇంత దుబారా ఏంటని పిల్లల్ని కేకలేస్తారు. అది దుబారా కాదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో జీతంలో పెద్ద భాగాన్ని చట్టమే కస్టమర్ చేతికి వదిలేసింది. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు ఈ పద్ధతిని ఒప్పుకోలేదు. ఆ పద్ధతికి ఒక చేదు చరిత్ర కూడా ఉంది. అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివాళ్లను రైళ్లలో, హోటళ్లలో పనిలో పెట్టుకుని, జీతం నామమాత్రంగా ఇచ్చి టిప్పుల మీద బతకమన్నారు. పుల్‌మన్ అనే కంపెనీ పడక రైలు పెట్టెల్లో పనిచేసిన పోర్టర్ల కథ అదే.

మన చట్టంలో ఈ సర్దుబాటు లేదు. 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో 2019లో చేసిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చింది. పాత చట్టం షెడ్యూలులో ఉన్న పనులకే వర్తించేది, ఇప్పుడు కనీస వేతనం అన్ని రకాల ఉద్యోగులకూ వర్తిస్తుంది. జీతం చీటీ ఇవ్వాలి. మామూలు పనిగంటలు దాటితే రెండింతల రేటు ఇవ్వాలి. ఉదయం టిఫిన్లతో మొదలై రాత్రి భోజనాలతో ముగిసే హోటల్ డ్యూటీకి ఈ ఒక్క నిబంధన చాలా పెద్ద సంగతి. జీతం తక్కువిచ్చారని కార్మికుడు ఫిర్యాదు చేస్తే, ఇచ్చామని నిరూపించుకోవాల్సిన బాధ్యత యజమానిదే. ఫిర్యాదుకు పాత చట్టంలో ఆరు నెలలే గడువు, కోడ్‌లో మూడేళ్లు. తక్కువైన మొత్తానికి పదింతల దాకా పరిహారం వేయొచ్చు. కాగితం మీద ఇవన్నీ గట్టి హక్కులే. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి హోటల్ మేడ మీదే పడుకునే కుర్రాడు మన కార్మిక శాఖ ఆఫీసు మెట్లెక్కి, తెలుగులో అర్జీ పెట్టుకోగలడా అన్నది వేరే ప్రశ్న. అతనికి ఉద్యోగం, తిండి, పడక మూడూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి.

కనీస వేతనం అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు ఒక కొలత పెట్టింది. ఒక పెద్ద మనిషికి రోజుకు 2,700 కేలరీల తిండి, నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటద్దె, ఇవి కాక వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు మొత్తంలో 20 శాతం. 1991లో సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ కేసులో పిల్లల చదువు, వైద్యం, పండగలు, ముసలితనం లాంటి వాటికి ఇంకో 25 శాతం కలపాలంది. ఇందులో ఎక్కడా విలాసం లేదు. మనిషి మనిషిగా బతకడానికి అడుగు మెట్టు ఇది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీ కిందకే వస్తుందని చెప్పింది. ఆకలి కూడా ఒక బలవంతమే అని దాని అర్థం. మనం తినే ప్లేటు వెనక ఇలాంటి చాకిరీ ఉంటే, సోంపు గిన్నెలో పెట్టిన ఇరవై రూపాయలతో ఆ లెక్క తీరదు.

చిన్న మెస్సులవాళ్లు ఏం చేస్తారు, వాళ్లకే గిట్టుబాటు కావడం లేదు అంటారు. మొగుడూ పెళ్లాం వంటగదిలో, కొడుకు కౌంటర్ దగ్గర కూర్చుని నడిపే మెస్సులు నెల్లూరులో వీధికొకటి ఉంటాయి. వాళ్ల కష్టం నాకు తెలుసు, తేలిగ్గా మాట్లాడను. కానీ కనీస వేతనం కూడా ఇవ్వలేని పరిశ్రమకు నడిచే హక్కు లేదని 1957లోనే క్రౌన్ అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట కఠినంగా అనిపించొచ్చు, లెక్క వేస్తే అంత భయపెట్టదు. ఇరవైమంది పనివాళ్లతో రోజుకు 600 భోజనాలు పెట్టే హోటల్ ఒకటి ఉందనుకుందాం. ఒక్కొక్కరికి రోజుకు వంద రూపాయలు పెంచితే మొత్తం 2,000. భోజనానికి మూడున్నర రూపాయల లోపే. యజమాని కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్ఐ వాటాలు కలిపినా నాలుగు రూపాయలు దాటదు. బిల్లులో ఆ నాలుగు రూపాయలు కలిపితే గిన్నెలు తోమేవాళ్ల దాకా పెంపు అందుతుంది, జీతం చీటీలో కనిపిస్తుంది, జబ్బుపడ్డ రోజూ పనికొస్తుంది. మనలో చాలామంది ఇరవై రూపాయల టిప్పు సంతోషంగా ఇస్తాం, భోజనం ధర అయిదు పెంచితే మాత్రం పక్క హోటల్‌కు పోతాం. మన బాధ్యత ఎక్కడైనా ఉంటే ఇక్కడ ఉంది.

అందరూ ఆ నాలుగు రూపాయలు భరించలేరు. బేల్దారి పనికి పోయేవాడికి భోజనంలో నాలుగు రూపాయలు తేడానే. పేదవాడికి చౌక తిండి కావాలంటే ఆ భారం ప్రభుత్వం మోయాలి. అన్న క్యాంటీన్లలో 5 రూపాయల భోజనం సాధ్యమైంది మిగతా ఖర్చు మరొకరు భరించడం వల్లే. ఇంకో పేదవాడి జీతంలోంచి చౌకతనం పుట్టకూడదు.

సర్వీస్ ఛార్జ్ అనేది ఇంకో చిక్కుముడి. పెద్ద రెస్టారెంట్ల బిల్లుల్లో కింద 5 శాతమో 10 శాతమో ఈ పేరుతో కనిపిస్తే చాలామంది ప్రభుత్వ పన్ను అనుకుంటారు. పన్ను అంటే జీఎస్టీ ఒక్కటే. బిల్లులో సర్వీస్ ఛార్జ్‌ను రెస్టారెంట్ తనంతట తాను కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ సంఘాలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది, దాని మీద అప్పీలుకు వెళ్లారు. తీసేయమని అడిగినా తీయకపోతే 1915 నంబరుకు ఫిర్యాదు చేయొచ్చు. ఇక్కడ వినియోగదారుడి హక్కు గట్టిదే. అయితే ఆ డబ్బు ఉద్యోగులకు పంచుతున్నామని కొందరు యజమానులు అంటారు. అది నిజమైనచోట దాన్ని తీయించేసి గెలిచామనుకుంటే నష్టపోయేది సర్వర్. ఛార్జ్ తీయించినవాళ్లు ఆ మొత్తాన్ని నేరుగా అతని చేతికిస్తే రెండు న్యాయాలూ జరుగుతాయి.

ఆసుపత్రుల్లో బిడ్డ పుట్టగానే అడిగే డబ్బును ఈ చర్చలోకి తేవద్దు. ఇస్తేగాని బిడ్డను చూపించం అనేది లంచం. టిప్పు అంటే ఇవ్వకపోయినా పని ఆగకూడదు.

చేతిలో నోట్లు తగ్గాక టిప్పులూ తగ్గాయి. ఇదివరకు బిల్లు 170 అయితే రెండు వందలు ఇచ్చి, మిగిలిన చిల్లరలో కొంత వదిలేసేవాళ్లం. ఇప్పుడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి సరిగ్గా 170 కొట్టి లేచిపోతున్నాం. ఎవరూ పిసినారులు కాలేదు, చిల్లర లేదంతే. టిప్పులు చూపించి ఖాయం చేసిన జీతం మాత్రం అక్కడే ఉంది. జీతాన్ని జనం అలవాట్ల మీద ఆనించి పెడితే ఇలాగే అవుతుంది.

యాప్‌ల మీద పనిచేసే డెలివరీ కుర్రాళ్ల పరిస్థితి ఇంకా చెడ్డది. వాళ్లను కంపెనీలు ఉద్యోగులుగా ఒప్పుకోవు, భాగస్వాములంటాయి. ఉద్యోగి కానివాడికి కనీస వేతనం లేదు. కార్తీకంలో వానపడుతుంటే నెల్లూరు మినీ బైపాస్ మీద బిర్యానీ పట్టుకుని పోయే కుర్రాడికి పెట్రోలు, బండి రిపేరు, ప్రమాదం అన్నీ తనవే. సామాజిక భద్రత కోడ్ ప్రకారం ఈ కంపెనీలు ఏటా తమ వ్యాపారంలో 1 నుంచి 2 శాతం వీళ్ల సంక్షేమ నిధికి ఇవ్వాలి, వీళ్లకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో వీళ్ల కోసం సొంత చట్టాలు చేసుకున్నాయి. మన రాష్ట్రంలోనూ అలాంటి చట్టం కావాలని అడగాల్సింది ఆ కుర్రాళ్లే కాదు, రోజూ ఆర్డర్ పెట్టే మనమూ. అప్పటిదాకా, వీళ్ల విషయంలో నా అభిప్రాయం స్పష్టం: ఇవ్వగలిగినవాళ్లు టిప్పు ఇవ్వాలి, చేతికే ఇవ్వాలి. కానీ బండి రాకముందే టిప్పు అడిగే పద్ధతిని ఒప్పుకోకూడదు. ఒక క్యాబ్ యాప్ అలా అడుగుతున్నందుకు 2025 మేలో వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసు ఇచ్చింది. ముందే అడిగేది టిప్పు కాదు, వేలంపాట.

ఇనామునూ కూలినీ వేరు చేసి చూడటం ఈ జిల్లాకు కొత్త కాదు. అలగానిపాడులో 1913లో భూస్వాముల ఇంట పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు. పండక్కి ఆసామి పెట్టే పంచెకు దండం పెట్టాలి. కూలి రేటును నిలబడి అడగొచ్చు. హోటల్ సర్వర్‌కు మనం ఇవ్వాల్సింది ఆ రెండో దానికి బలం.

ఎలా ఇస్తాం? సర్వర్‌ను పట్టుకుని నీ జీతమెంత అని అందరి ముందూ అడగడం మంచిది కాదు, కౌంటర్ వింటే అతని పనికే ముప్పు. అడగాల్సింది యజమానిని, అదీ రోజూ వెళ్లే చోట, చనువున్న చోట: "అన్నా, మనవాళ్లకు ఈఎస్ఐ కట్టావా?" ఒకరు అడిగితే నవ్వి ఊరుకుంటాడు. లాయర్లు, టీచర్లు, బ్యాంకువాళ్లు రోజూ భోంచేసే మెస్సులో పదిమంది అడిగితే ఆలోచిస్తాడు. గ్యాస్ ఏజెన్సీకి ఫోన్ చేసినప్పుడు కుర్రాడి మీద ఫిర్యాదు చేసేకంటే డెలివరీ ఖర్చు అతనికి ఇస్తున్నారా అని అడగొచ్చు.

మన మాటకు అన్నిటికంటే ఎక్కువ బలం ఉండేది హోటల్లో కాదు, మన ఇంటి పెళ్లిలో. మాఘం వస్తే కల్యాణమండపాలన్నీ నిండిపోతాయి. క్యాటరింగ్ మాట్లాడేటప్పుడు ప్లేటుకు ఇరవై తగ్గించమని గంటసేపు బేరమాడతాం. వెయ్యి ప్లేట్లకు అది ఇరవై వేలు. వడ్డనకు నలభైమంది కుర్రాళ్లు వస్తే మనిషికి అయిదు వందలు. వాళ్లలో చాలామంది ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు, ఆ డబ్బుతో ఫీజు కట్టుకునేవాళ్లు. క్యాటరర్ ఆ ఇరవై వేలను నెయ్యిలో తగ్గించలేడు, రుచి తేడా వస్తే పేరు పోతుంది. తగ్గేది మనుషుల దగ్గరే. విందంతా అయ్యాక పిలిచి తలా యాభై ఇచ్చి తృప్తిపడేకంటే అడ్వాన్సు ఇచ్చే రోజే మాట్లాడుకోవచ్చు. వడ్డనకు ఎంతమంది వస్తారు, మనిషికెంత ఇస్తావు, ఆ రాత్రే ఇస్తావా, వాళ్లు ఎప్పుడు తింటారు, ఒంటిగంటకు ఆటోలు లేనప్పుడు పిల్లలు ఇంటికెలా పోతారు. మెనూ రాసుకున్న కాగితం మీదే కింద ఈ అయిదు లైన్లు కూడా రాయించి, సంతకం పెట్టించుకుంటే సరిపోతుంది.